ఆకాశంలో ఖిబ్లా ఏ దిక్కు?

రాముణ్ణి దేవుడని నమ్మనివాళ్లు కూడా తెలుగులో రామకథ రాశారు. త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుకవధ' రాసి రాముణ్ణే బోనులో నిలబెట్టారు. రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం' రాశారు. ఓల్గా 'విముక్త'లో సీత, శూర్పణఖ కలుసుకుని మాట్లాడుకున్నారు. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వీటిని నెత్తిన పెట్టుకున్నవాళ్లున్నారు, దుమ్మెత్తి పోసినవాళ్లున్నారు. అయినా వీటిని మతం కింద కట్టి ఎవరూ పక్కన పెట్టలేదు. పౌరాణికం అనే పెద్ద చావడి ఒకటి తెలుగులో ఉంది. అందులోకి భక్తుడూ రావొచ్చు, నాస్తికుడూ రావొచ్చు. పిఠాపురం ఉమర్ ఆలీషా గారి లాంటి ముస్లిం కవి కూడా ఆ చావడిలో కూచుని పౌరాణిక నాటకాలు రాశారు.

మరి హాజిరా కథ? ఇబ్రహీం భార్య. ఎడారిలో చంటిబిడ్డతో ఒంటరిగా మిగిలిన తల్లి. గుక్కెడు నీళ్ల కోసం సఫా గుట్టకూ మర్వా గుట్టకూ మధ్య ఏడుసార్లు పరుగెత్తిన ఆడమనిషి. హజ్‌కు పోయిన ప్రతి మనిషీ, రాజైనా కూలీ అయినా, ఆ తల్లి నడిచిన దారిలో ఏడుసార్లు నడవాల్సిందే. ఈ కథ నేను తెలుగులో రాస్తే దాన్నేమంటారు? 'ఇస్లామిక్ రచన' అంటారు. 'మత సాహిత్యం' అంటారు. పౌరాణికం అని మాత్రం అనరు.

మా ఊరి గ్రంథాలయంలో ఈ తేడాను బీరువాల మీద తెల్లరంగుతో రాసి పెట్టారు. ఒకటి సాహిత్యం, ఒకటి మతం. భారతం వచన కథలు సాహిత్యం బీరువాలో. చంద్రలోకానికి ప్రయాణాలు, కాలయంత్రాలు, సోవియట్ అనువాదాలు కూడా అందులోనే. ప్రవక్తల కథల పుస్తకం ఒకే ఒకటి, అది మతం బీరువాలో. ఆ బీరువాకు ఎప్పుడూ తాళం. నాకప్పుడు పన్నెండేళ్లు. గాలిలో ఎగిరే పుష్పకం సాహిత్యం, అంతరిక్షంలో ఎగిరే రాకెట్ సాహిత్యం, జిన్నులు మోసుకుపోయే సులేమాన్ సింహాసనం మాత్రం మతం ఎట్లయిందని అడగాలనిపించేది. అడిగే ధైర్యం ఉండేది కాదు.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. నాకు ఖురాన్ కల్పన కాదు. నమ్మనివాళ్లు దాన్ని ఎట్లా చదువుతారో వాళ్ల ఇష్టం. నేను మాట్లాడేది నమ్మకం చుట్టూ మనుషులు అల్లిన కథల గురించి. వాటిని మతకల్పన అందాం. సైన్స్ చుట్టూ అల్లిన కథలను సైన్స్ ఫిక్షన్ అని గౌరవంగా పిలుస్తున్నాం కదా. ఈ రెండూ అన్నదమ్ముల పిల్లలని నా వాదన. ఒకరికి చదువుకున్నవాడన్న పేరొచ్చింది, ఇంకొకరికి మూఢుడన్న పేరొచ్చింది.

మా ఇంట్లో అందరం కథలు మింగేవాళ్లమే. అబ్బాకు నసీమ్ హిజాజీ నవలలంటే ప్రాణం. గుర్రాలు, కత్తులు, అండలూసియా. భయ్యాకు ఇబ్నె సఫీ. ఆయన జాసూసీ దున్యా 1952లో అలహాబాదు నుంచి మొదలైంది. ఆయన ఇమ్రాన్ నవలల్లో వింత యంత్రాలుండేవి, 'జీరోలాండ్' అనే రహస్య రాజ్యం ఉండేది. నేను తెలుగు. దాదీమాకు ఏ చదువూ లేదు. ఆమెకు అమీర్ హమ్జా ఖిస్సా నోటికొచ్చు.

హమ్జా ప్రవక్త గారి చిన్నాన్న, చరిత్రలో ఉన్న మనిషి. కానీ ఖిస్సాలో ఆయన కోహెఖాఫ్ పర్వతాలకు పోతాడు. పరీలతో స్నేహం, దేవ్‌లతో యుద్ధం. నేనొకసారి అడిగాను, "దాదీమా, హమ్జా నిజంగా కోహెఖాఫ్ పోయిండా?" అని. ఆమె తమలపాకుకు సున్నం రాస్తూ, "హమ్జా సచ్ హై బేటీ, కోహెఖాఫ్ ఖిస్సా హై" అంది. హమ్జా నిజం, కోహెఖాఫ్ కథ. ఏది నమ్మాలో, ఏది విని ఆనందించాలో అక్షరం రాని మనిషికి తెలుసు. బీరువాల మీద రంగుతో పేర్లు రాసిన చదువుకున్నవాళ్లకు మా వాళ్లకు ఆ తేడా తెలుస్తుందని తోచలేదు.

ఆ ఖిస్సా చిన్నది కాదు. అక్బర్ పాదుషా దానికి బొమ్మలు వేయించాడు, దాదాపు 1,400. పందొమ్మిదో శతాబ్దం చివర లక్నోలో నవల్ కిషోర్ అనే హిందూ ప్రచురణకర్త ప్రెస్సు దాన్ని ఉర్దూలో అచ్చువేయడం మొదలుపెట్టింది. చివరికి 46 సంపుటాలయింది. అందులో 'తిలిస్మె హోష్రుబా' 1883 నుంచి వచ్చింది. తిలిస్మ్ అంటే మాంత్రికుడు కట్టిన లోకం. దానికి దాని ఆకాశం, దాని నదులు, దాని చట్టాలు ఉంటాయి. లోపల తిరిగేవాడికి అది కట్టుడు లోకమని తెలియదు. దాన్ని పగలగొట్టే మనిషి ఎవరో ముందే నిర్ణయమై ఉంటుంది. దారి చూపే ఫలకం ఒకటుంటుంది, దాన్ని లౌహ్ అంటారు. అది చదవకుండా అడుగేస్తే చిక్కుకుపోతాడు. ఇప్పటి పిల్లలు కంప్యూటర్ లోపల కట్టిన లోకాల సినిమాలు చూసి ఆశ్చర్యపోతుంటే నాకు నవ్వొస్తుంది. మా దాదీమా ఆ లోకాల్లోనే మమ్మల్ని నిద్రపుచ్చేది.

ఇవన్నీ ఎక్కడివో లక్నో సంగతులు అనుకోకండి. గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో ముల్లా వజ్హీ 1635లో 'సబ్‌రస్' రాశాడు. దక్కనీ వచనంలో అది తొలినాటి గొప్ప పుస్తకం. దానిలో పాత్రల పేర్లు అఖ్ల్, ఇష్క్, దిల్, హుస్న్. అంటే బుద్ధి, ప్రేమ, హృదయం, సౌందర్యం. హృదయం అనే రాకుమారుడు అమృతజలం వెతుక్కుంటూ బయల్దేరుతాడు. సూఫీ తత్వం మొత్తం కథ అయి కూచుంది. హైదరాబాదు పక్కన పుట్టిన ఈ పుస్తకం తెలుగు సాహిత్య విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసు?

పేరు మారితే మాత్రం మా కథలకు తెలుగు తలుపులు బార్లా తెరుచుకుంటాయి. గులేబకావళి పువ్వు కోసం పోయిన రాకుమారుడి కథ పారశీకం నుంచి ఉర్దూకు, అక్కడి నుంచి దేశమంతా పాకింది. 1962లో ఎన్టీఆర్ 'గులేబకావళి కథ' వచ్చింది. సి.నారాయణరెడ్డి గారు సినిమా పాటలకు వచ్చింది ఆ చిత్రంతోనే. తెలుగు ఇళ్లలో ఆ పాటలు పాడుకోని ఆడపిల్ల లేదు. ఆ పువ్వు ఎవరి తోటలోదని ఎవరూ అడగలేదు.

ఇక కర్బలా. క్రీ.శ. 680లో జరిగిన యుద్ధం. మా ఊళ్లో పీర్లు లేచినప్పుడు ఆసన్న, ఊసన్న అంటూ ఆ కథను తెలుగులో పాడేవాళ్లలో సగం మంది హిందువులు. గొల్లవాళ్లు, చాకలివాళ్లు, మాదిగలు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయప్ప కోసం ఎన్ని కులాలు వస్తాయో చూసినవాళ్లకు తెలుసు. నోటిపాటలో కర్బలా ఎప్పుడో తెలుగు కథ అయిపోయింది. అచ్చులోకి వచ్చేసరికి మళ్లీ మతం అవుతోంది. తలుపు పూర్తిగా మూసి ఉందని కూడా అనను. జాషువా 'క్రీస్తు చరిత్ర'కు 1964లో అకాడమీ బహుమతి వచ్చింది. ఒక దళిత క్రైస్తవ కవి తన ప్రవక్త కథను తెలుగు పద్యంలో నిలబెట్టి ఇది సాహిత్యం అనిపించుకున్నాడు. మాకు ఆ దారి కనిపిస్తూనే ఉంది.

సరే, మతకల్పనా సైన్స్ ఫిక్షనూ ఒకటేనా? కాదు. రెండూ పాఠకుణ్ణి ముందుగా ఒక ఒప్పందం అడుగుతాయి. సైన్స్ ఫిక్షన్, 'ప్రకృతి నియమాలు ఇట్లా ఉన్నాయనుకో, ఈ యంత్రం వచ్చిందనుకో, మనిషి ఏమవుతాడు?' అంటుంది. మతకల్పన, 'పైన ఒకడు చూస్తున్నాడనుకో, మనిషి ఏం చేస్తాడు?' అంటుంది. మొదటిదానిలో లోకం మారుతుంది, మనిషి పరీక్షకు నిలబడతాడు. రెండోదానిలో లోకం ఇదే, చూసే కన్ను మారుతుంది. ఒప్పందం తర్వాత రెండింటి పనీ ఒకటే. మనిషిని ఇరుకులో పెట్టి, వాడేం చేస్తాడో నిజాయితీగా చూడటం.

ఆర్థర్ క్లార్క్ 1955లో 'ది స్టార్' అని ఒక కథ రాశాడు. అందులో ఖగోళ శాస్త్రజ్ఞుడు క్రైస్తవ సన్యాసి. పేలిపోయిన ఒక నక్షత్రం దగ్గరికి ఓడలో పోతాడు. ఆ పేలుడులో ఒక మంచి నాగరికత మొత్తం బూడిదయింది. లెక్కలు కడితే, క్రీస్తు పుట్టినప్పుడు భూమి మీద తూర్పున మెరిసిన చుక్క అదేనని తేలుతుంది. ఇంతమందిని కాల్చి ఆ వెలుగు వెలిగించావా అని ఆ సన్యాసి గుండె పగులుతుంది. ఇది సైన్స్ ఫిక్షనా, మతకల్పనా? నాస్తికుడు రాసినా, ఆ ప్రశ్నలో ఉన్న బాధ నమాజు చేసేవాళ్లకు బాగా అర్థమవుతుంది.

ఇటువైపు అబ్దుల్ హలీమ్ షరర్ ఉన్నాడు. 1899లో 'ఫిర్‌దౌసె బరీఁ' అనే నవల రాశాడు. అలమూత్ కోటలో ఒక దొంగ స్వర్గం. తోటలు, హూరీలు, మత్తు. ఒక యువకుడు అది నిజం స్వర్గమని నమ్మి, దాంట్లోకి పోవడం కోసం సొంత గురువునే చంపుతాడు. నమ్మకమున్న ముస్లిం రచయితే, నమ్మకాన్ని ఎట్లా కల్తీ చేయొచ్చో చూపించాడు. అయితే ఆ దొంగ స్వర్గం ఇస్మాయిలీల మీద వాళ్ల శత్రువులు పుట్టించిన కట్టుకథ అని నేటి చరిత్రకారులు తేల్చారు. మైనారిటీలో ఉన్న మైనారిటీకి అన్యాయం జరిగింది. కథ గొప్పదైనా దెబ్బ ఎవరికి తగిలిందో చూసుకోవాలి. ఈ మాట మనకు మనమే చెప్పుకోవాలి.

మతకల్పన ఎప్పుడు చచ్చిపోతుంది? జవాబు మొదటి పేజీలోనే తెలిసిపోయినప్పుడు. అబ్బా ప్రేమించిన హిజాజీ నవలల్లో వీరుడికి ఒక్క రాత్రి కూడా సందేహం రాదు. అమెరికాలో 1995 నుంచి 'లెఫ్ట్ బిహైండ్' అని ప్రళయం నవలలు వరసగా వచ్చాయి, కోట్లలో అమ్ముడుపోయాయి. వాటిలో ఎవరు స్వర్గానికి, ఎవరు నరకానికి అన్నది ముందే పంచేశారు. ఇది మతానికి మాత్రమే పట్టిన జబ్బు కాదు. యంత్రమే దేవుడై కష్టాలన్నీ తీర్చేసే సైన్స్ ఫిక్షన్ కూడా అంతే చచ్చుగా ఉంటుంది. శాస్త్రజ్ఞుడు తప్పు చేయడు, వీరుడు సందేహించడు. రెండూ ఒకే బాపతు.

ఒక్క తేడా మాత్రం చాలా పెద్దది. సైన్స్ ఫిక్షన్‌కు పారిపోవడానికి వేరే గ్రహం ఉంది. మతకల్పనకు లేదు. నజీబ్ మహఫూజ్ 1959లో కైరో పత్రికలో ఒక సీరియల్ రాశాడు. ఒక పేట, పెద్ద ఇంట్లో కనిపించని ఒక ముసలి జమీందారు, పేట కోసం తరతరానికి ఒక మనిషి లేస్తాడు. ప్రవక్తల కథలే అని మతపెద్దలు మండిపడ్డారు. అది పుస్తకంగా 1967లో బీరూట్‌లో వచ్చింది గానీ ఈజిప్టులో 2006 దాకా రాలేదు. ఆయనకు 1988లో నోబెల్ వచ్చింది. 1994లో ఎనభై దాటిన ఆ ముసలాయన మెడ మీద ఒక కుర్రాడు కత్తితో పొడిచాడు. బతికాడు గానీ రాసే చెయ్యి సరిగా పనిచేయలేదు. అదే కథను మహఫూజ్ ఏ కుజగ్రహం మీదో పెట్టి ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదేమో. కానీ ఆయన పేట ఆయనకు కావాలి. ఆ కత్తి మనవాడి చేతిలోది. మన చావడికి మనవాళ్లే వేసిన తాళం గురించి మాట్లాడకుండా, అవతలివాళ్ల తాళం గురించి మాత్రమే మాట్లాడితే అది న్యాయం కాదు.

వేరే గ్రహానికి పోయినప్పుడు మా సామాను మాత్రం వాళ్లు బాగానే మోసుకుపోయారు. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో రాసిన 'డ్యూన్' నిండా మా మాటలే. మహదీ, జిహాద్, లిసానుల్ గైబ్. ఎడారి మనుషులు, నీటి కోసం తపన. ప్రపంచమంతా చదివింది. 2021లో సినిమా వచ్చేసరికి జిహాద్ అన్న మాట మాయమైంది. మాటలు తీసుకుంటారు, భయమేసినప్పుడు తీసేస్తారు. ఆ మాటలతో రోజూ బతికే మనిషిని ఎవరూ అడగరు.

మన దగ్గర 2024లో 'కల్కి 2898 ఏ.డి.' వచ్చింది. కురుక్షేత్రంలో మొదలై, వేల ఏళ్ల తర్వాతి కాశీకి పోతుంది. అశ్వత్థామ బతికే ఉంటాడు. పురాణం, సైన్స్ ఫిక్షన్ ఒకే ఓడలో. నాకు నచ్చింది. ఈ రెండూ చుట్టాలన్న నా వాదనకు అంతకన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలి? ఎవరూ దాన్ని మతచిత్రం అనలేదు, అనక్కర్లేదు కూడా. కానీ థియేటర్ బయటికొస్తూ మా చిన్నోడు అడిగాడు, "అమ్మీ, అప్పుడు మనం ఉంటమా?" అని. తెలుగులో నేను చదివిన భవిష్యత్తు కథల్లో వజూ చేసుకునే మనిషి నాకెక్కడా తగల్లేదు. గతంలో మేం దండెత్తి వచ్చినవాళ్లం. వర్తమానంలో మేం సమస్య. భవిష్యత్తులో లేనే లేం.

నిజానికి ఈ దేశంలో భవిష్యత్తును మొదట్లోనే కలగన్నవాళ్లలో మా ఆడమనిషి ఒకతె ఉంది. బెంగాల్ ముస్లిం ఇంట్లో, పరదాలో పెరిగిన రొకేయా సఖావత్ హుస్సేన్. 'సుల్తానాస్ డ్రీమ్' అని ఇంగ్లీషులో రాసింది. అచ్చయింది ఎక్కడనుకున్నారు? 1905లో, మద్రాసులో, ఒక ఆడవాళ్ల పత్రికలో. అప్పుడు కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోవే. ఆ కథలో ఆడవాళ్లు విశ్వవిద్యాలయాలు నడుపుతారు. మబ్బుల నుంచి నీళ్లు తోడుకుంటారు. సూర్యుడి వేడిని కూడబెట్టి, దాంతోనే శత్రుసైన్యాన్ని తరిమేస్తారు. గాలిబండ్లలో తిరుగుతారు. మగవాళ్లు జనానా బదులు మర్దానాలో, ఇంట్లో ఉంటారు. అంతకు కొన్నేళ్ల ముందే మన వీరేశలింగం గారు 'సత్యరాజా పూర్వదేశయాత్రలు'లో ఆడుమళయాళం అనే ఆడవాళ్ల రాజ్యం చూపించారు. వీరేశలింగం మగవాళ్లకు బుద్ధి చెప్పడానికి ఆ రాజ్యం కట్టారు. రొకేయా తను బతకడానికి కట్టుకుంది. ఒకటి మనకు పాఠం అయింది, రెండోది మన పక్కనే అచ్చయి కూడా మనదాకా రాలేదు.

భవిష్యత్తు మా మతానికి పడదని అనుకునేవాళ్లకు ఒక నిజం చెప్తాను. 2007 అక్టోబరులో, రంజాన్ నెలలో, షేక్ ముస్జాఫర్ షుకూర్ అనే మలేషియా డాక్టరు అంతరిక్ష కేంద్రానికి పోయాడు. అక్కడ రోజుకు సుమారు పదహారుసార్లు పొద్దు పొడుస్తుంది. అయిదు పూటల నమాజు ఎట్లా? ఖిబ్లా ఏ దిక్కు? మలేషియా ఉలమాలు కూచుని ఆలోచించారు. వేళలు బయల్దేరిన చోటి గడియారం ప్రకారం. దిక్కు, వీలైతే కాబా వైపు. కాకుంటే కాబాకు నేరుగా పైనున్న చోటు వైపు. అదీ కాకుంటే భూమి వైపు. అదీ కుదరకుంటే ఎటైనా. ఉపవాసం తిరిగొచ్చాక తీర్చుకోవచ్చు.

నాకు ఇది ఫత్వా లాగా వినపడలేదు, కథ లాగా వినపడింది. ఇల్లు కనపడకపోతే ఊరి వైపు, ఊరు కనపడకపోతే భూమి వైపు తిరిగే మనిషి. దుబాయి పోయినవాళ్ల గురించి, ఊళ్లు వదిలి హైదరాబాదు చేరినవాళ్ల గురించి మేం రాసిన కథలన్నీ ఇదే కదా.

ఆ మనిషి మీదే నేనొక కథ రాశాను. ఓడలో పుట్టిన పిల్ల, భూమి ఎన్నడూ చూడని పిల్ల, ఎటు తిరిగి సజ్దా చేయాలని తల్లిని అడుగుతుంది. ఒక పత్రికకు పంపితే తిరిగొచ్చింది. కాగితం మీద రెండు ముక్కలు రాశారు. 'ఇవి మీకెందుకు? మీ జీవితం రాయండి. తలాఖ్, బుర్ఖా, పేదరికం. మీ నుంచి పాఠకులు ఆశించేది అవే.'

మా జీవితం మేం రాయలేదా? 1991లో 'పుట్టుమచ్చ' వచ్చింది. 1992 డిసెంబరు 6 తర్వాత గుండెలు బాదుకుంటూ రాశాం. 1998లో 'జల్‌జలా' వచ్చింది. గుజరాత్ తర్వాత మళ్లీ రాశాం. అవి రాయకపోతే మేం ఊపిరాడక చచ్చేవాళ్లం. ఇంకా రాయాల్సింది మిగిలే ఉంది. కానీ ముస్లిం రచయిత అంటే ఎప్పుడూ బోనులో నిలబడి వాంగ్మూలం ఇచ్చేవాడేనా? ఏడుపు మాకు, కలలు మీకా? ఊహ కూడా భూమి లాంటిదే. కొందరి పేరు మీద వందల ఎకరాలుంటాయి. కొందరికి సమాధికి ఆరడుగులు.

సెక్యులర్ మిత్రులకు నా మనవి ఇది. పురాణాన్ని నమ్మకుండానే చదువుతున్నారు, మంచిదే. మా ఖిస్సాలను కూడా అట్లాగే చదవండి. మతం పేరు చూసి దండం పెట్టి పక్కకు జరగకండి. అది గౌరవం కాదు, వెలి. మావాళ్లకు కూడా ఒక మాట. దాదీమాకు ఉన్న జ్ఞానం మనకు లేకుండా పోతోంది. నిజం నిజంగా, ఖిస్సా ఖిస్సాగా రెండు చేతుల్లో పట్టుకుని ఆమె ఏనాడూ తడబడలేదు. కథ రాసినవాడి మీదికి కత్తి ఎత్తేవాడికి ఆ ముసలామెకున్నంత ఈమాన్ కూడా లేదు.

2009లో చంద్రయాన్-1 చంద్రుడి మీద నీళ్ల జాడ పట్టిందని ప్రకటించినప్పటి నుంచి హాజిరా నన్ను వదలడం లేదు. ఆ బూడిద గుట్టల మధ్య ఒక తల్లి, దాహంతో ఏడుస్తున్న ఒక బిడ్డ. ఈసారి కథ తిరిగొచ్చినా మళ్లీ పంపుతాను. మా చిన్నోడికి జవాబు చెప్పాల్సి ఉంది.